రాతి మీద పేర్లు, గుడ్డ మీద పేర్లు: పాశ్చాత్య సాహిత్యంలో గొప్ప పుస్తకాలని ఎవరు ఏరారు?

న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో బట్లర్ లైబ్రరీ అని పెద్ద రాతి భవనం ఉంది. 1934లో తెరిచారు. ముందువైపు స్తంభాల పైన ఎనిమిది పేర్లు చెక్కి ఉంటాయి: హోమర్, హెరోడోటస్, సోఫొక్లీస్, ప్లేటో, అరిస్టాటిల్, డెమోస్తనీస్, సిసెరో, వర్జిల్. 1989లో అక్కడి విద్యార్థులు ఆ పేర్ల దగ్గరే పొడవాటి గుడ్డ బ్యానర్ కట్టారు. దాని మీద అన్నీ ఆడవాళ్ల పేర్లే. శాఫో, ఎమిలీ డికిన్సన్, వర్జీనియా వుల్ఫ్, ఇంకొందరు.

పాశ్చాత్య సాహిత్యంలో ఏవి గొప్ప పుస్తకాలు, ఆ సంగతి ఎవరు తేల్చాలి అనే గొడవ ఎంత పెద్దదో ఆ రాయి, ఆ గుడ్డ చూస్తే చాలు. అయితే ఆ బ్యానర్ మీద శాఫో పేరు ఉందంటే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. ఆమె కొత్తగా తలుపు తట్టిన మనిషి కాదు. క్రీస్తుకు పూర్వమే అలెగ్జాండ్రియా పండితులు గ్రీకు గేయకవుల్లో తొమ్మిదిమందిని ఏరి వరస కట్టారు. పిండార్ ఉన్న ఆ వరసలోనే శాఫో కూడా ఉంది. అంటే రెండు వేల ఏళ్ల కిందట ఆమె లోపలే ఉంది, మధ్యలో ఎక్కడో జారిపోయింది. ఎలా జారిపోయింది, ఎలా తిరిగొచ్చింది అన్నది తెలిస్తే ఈ వాదనలో సగం చిక్కు విడిపోతుంది.

ఈ గొప్ప పుస్తకాల వరసని ఇంగ్లిష్ చదువుల్లో కానన్ అంటారు. మన పంచకావ్యాల లాంటి మాట అనుకోవచ్చు. పంచకావ్యాలు ఏవని అడిగితే మనుచరిత్ర, వసుచరిత్ర, ఆముక్తమాల్యద దాకా అందరూ ఒకటే చెప్తారు, చివరికి వచ్చేసరికి ఒకరి లెక్క ఒకరికి కలవదు. కానన్ అనే మాటకి గ్రీకులో మూలం రెల్లుకాడ. తిన్నగా ఉండే కాడ కొలకర్రగా పనికొచ్చేది, దాన్నుంచి కొలత, నియమం అనే అర్థాలు పుట్టాయి. తరవాత చర్చి ఆ మాటని తీసుకుంది. క్రీ.శ. 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ ఈస్టర్‌కి రాసిన ఉత్తరంలో కొత్త నిబంధనలో ఉండాల్సిన 27 పుస్తకాల పేర్లు వరసగా చెప్పాడు. ఇవి లోపల, మిగతావి బయట. మామూలు సాహిత్యానికి ఈ మాట వాడడం చాలా ఆలస్యంగా, 1768లో డేవిడ్ రూన్కెన్ అనే పండితుడితో మొదలైంది. మాటతో పాటు చర్చి వాసన కూడా అంటుకుని వచ్చింది. ఎక్కడో పెద్దల సభ ఒకటి కూర్చుని, ముద్ర వేసి, తలుపు మూసేసినట్టు అందరం మాట్లాడతాం. సాహిత్యంలో అలాంటి సభ ఏనాడూ కూర్చోలేదు.

ఆ ఒక్క మాట కింద మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయని నేను అనుకుంటాను. కాలానికి తట్టుకుని మిగిలిన పుస్తకాలు ఒకటి. తరవాతి రచయితలు మళ్ళీ మళ్ళీ జవాబు చెప్తూ వచ్చిన పుస్తకాలు ఇంకొకటి. క్లాసులో పాఠంగా పెట్టే పుస్తకాలు మూడోది. కొట్లాట దాదాపు ఎప్పుడూ మూడోదాని గురించే. వాదించేటప్పుడు మాత్రం మొదటి రెండింటినీ సాక్ష్యానికి పిలుస్తారు. "రెండు వేల ఏళ్లు నిలిచింది కాబట్టి పిల్లలు చదవాలి" అని ఒకరంటే, "మగవాళ్లు ఏరారు కాబట్టే నిలిచింది" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే సంగతి కాదు.

మిగిలినవి ఎలా మిగిలాయి

సోఫొక్లీస్ 120 దాకా నాటకాలు రాశాడు. చేతికి వచ్చినవి ఏడు. ఈస్కిలస్ పేరు మీద వచ్చినవీ ఏడే. పాతకాలపు బళ్లలో పాఠానికి పెట్టుకున్న నాటకాలకే లేఖకులు మళ్ళీ మళ్ళీ నకళ్లు తీశారు, మిగతావి చీకిపోయాయి. అంటే బడిపంతుళ్ల ఎంపికే కాలం ఎంపికగా మారింది. యూరిపిడీస్‌కి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఆయన 90 దాకా రాస్తే 18 మిగిలాయి, పందొమ్మిదోది ఆయనదేనా అన్న వాదన ఇంకా తెగలేదు. అన్ని ఎందుకు మిగిలాయంటే, ఆయన నాటకాల్ని పేర్ల అక్షరక్రమంలో కట్టిన ఒక ప్రతిలో కొంత భాగం ఎలాగో బతికి బయటపడింది. అందుకే హెలెన్, ఎలెక్ట్రా, హెరాక్లీస్, ఇయాన్ లాంటి నాటకాల పేర్లు గ్రీకు అక్షరమాలలో పక్కపక్క అక్షరాలతో మొదలవుతాయి. వాటిని గొప్పవని ఎవరూ ఏరలేదు, ఆ అక్షరాల కట్ట దొరికింది, అంతే. ఎవరూ ఏరని వాటిలోనే ఇంత సత్తువ ఉంటే పోయిన నాటకాల్లో ఏముండేదో అని తలుచుకుంటే బెంగగా ఉంటుంది.

శాఫో సంగతి ఇంకా దారుణం. ఆమె రాసింది లెస్బోస్ దీవి మాండలికంలో. తరవాతి బళ్లలో ఏథెన్స్ గ్రీకు చెలామణి అయ్యాక ఆ మాండలికం కొరకరాని కొయ్య అయింది, నకళ్లు తీసేవాళ్లు తగ్గిపోయారు. పూర్తిగా మిగిలిన పద్యం ఒక్కటే, ఆఫ్రొడైటీకి చేసిన స్తోత్రం. అది కూడా డయొనీసియస్ అనే అలంకారశాస్త్ర పండితుడు తన పుస్తకంలో ఉదాహరణగా మొత్తం ఎత్తి రాశాడు కాబట్టి దక్కింది. ఆ తరవాత 1896 చలికాలంలో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ పండితులు ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే పాత ఊరి చెత్తదిబ్బలు తవ్వడం మొదలుపెట్టారు. అక్కడ దొరికిన పపైరస్ (జమ్ము కాడలతో చేసిన పాతకాలపు కాగితం) ముక్కల మొదటి సంపుటం 1898లో అచ్చయితే అందులోనే శాఫో పద్యం ముక్క ఒకటి ఉంది. 2004లో జర్మనీలోని కొలోన్‌లో, ఒకప్పుడు మమ్మీకి తొడుగుగా అతికించిన పపైరస్ మీద, ముసలితనం గురించి ఆమె రాసిన పద్యం దాదాపు పూర్తిగా బయటపడింది. తొమ్మిదిమందిలో ఒకరిగా పేరుమోసిన కవయిత్రి ఇవాళ మనకి చెత్తకుప్పల్లోంచి, శవాల తొడుగుల్లోంచి ముక్కలు ముక్కలుగా అందుతోంది.

ఇంగ్లిష్ సాహిత్యానికి తొలి కావ్యం బియోవుల్ఫ్ అని మన ఎం.ఏ. పిల్లలు పరీక్షకి చదువుతారు. దానికి చేతిరాత ప్రతి ఒక్కటే ఉంది. 1731లో లండన్‌లో మంటల్లో చిక్కుకుని అంచులు కాలాయి. మొత్తం కావ్యం మొదటిసారి అచ్చయింది 1815లో. చాసర్ గానీ షేక్‌స్పియర్ గానీ అది చదివినవాళ్లు కాదు. పాత చరిత్రకి ఆధారాల గని అని దాన్ని తవ్వుకోవడం మాని కవిత్వంగా చదవండని టోల్కీన్ 1936లో ఉపన్యాసం ఇచ్చాక గానీ సాహిత్యంగా దానికి ఇప్పుడున్న గౌరవం రాలేదు. మొదటి మెట్టు అని మనం చెప్పుకునేది అన్నిటికన్నా ఆలస్యంగా వేసిన మెట్లలో ఒకటి.

చట్టం కూడా కానన్‌ని తయారుచేస్తుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. పద్దెనిమిదో శతాబ్దం ఇంగ్లండ్‌లో పుస్తకాల హక్కులు ఎప్పటికీ తమవేనని లండన్ ప్రచురణకర్తలు పట్టుబట్టారు. జేమ్స్ థామ్సన్ రాసిన రుతువుల కావ్యం మీద నడిచిన కేసులో, 1774లో, అలాంటి శాశ్వత హక్కు చెల్లదని హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. పాత కవులు ఒక్కసారిగా చవకైపోయారు. వంద సంపుటాలు దాటిన కవుల మాలలు బజారుకొచ్చాయి. కొత్త పుస్తకాల ధర మాత్రం ఆకాశంలోనే ఉండిపోయింది. దాంతో మామూలు పాఠకులు, బడి పిల్లలు తరాల తరబడి చదివింది హక్కులు తీరిన ఆ కవుల్నే. విలియం సెయింట్ క్లెయిర్ అనే పరిశోధకుడు ఈ సంగతిని వివరంగా తవ్వి తీశాడు. ఒక తరంలో జాతి మొత్తం కొందరు కవుల్ని ప్రేమించిందంటే, ఆ కవులు కొనగలిగే ధరలో దొరికారన్నది కూడా ఒక కారణం.

రచయితల మధ్య నడిచే మాట

ఇదంతా ప్రమాదాలు, పంతుళ్లు, కోర్టులు చేసిన పనే అని వదిలేస్తే అది కూడా అన్యాయమే. రెండో సంగతి ఉంది. డాంటే తన నరకయాత్ర నాలుగో సర్గలో హోమర్, హొరేస్, ఓవిడ్, లూకన్ ఎదురొస్తారు. డాంటేకి దారి చూపిస్తున్న వర్జిల్‌తో కలిపి అయిదుగురు. వాళ్లు తనని ఆరోవాడిగా కలుపుకున్నారని డాంటే రాసుకున్నాడు. ఎంత ధైర్యమో చూడండి. పైగా డాంటేకి గ్రీకు రాదు. హోమర్‌ని ఆయన చదవనే లేదు. పేరు విన్నాడు, వర్జిల్‌లో ఆ నీడ చూశాడు. అయినా ఆ వరసలోకి నడిచి వెళ్ళాడు. కానన్ ఇక్కడ కమిటీ పని కాదు, ఒక కవి తన పూర్వీకుల్ని తనే ఎంచుకోవడం.

టి.ఎస్. ఎలియట్ 1919లో రాసిన వ్యాసంలో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. నిజంగా కొత్తదైన రచన ఒకటి వచ్చినప్పుడు అంతకుముందున్న వరస మొత్తం కొంచెం సర్దుకుంటుంది అన్నాడు. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో పుట్టిన డెరెక్ వాల్కాట్ 1990లో ఓమెరోస్ రాశాడు. అందులో హోమర్ ఇలియడ్ వీరులు అకిలీస్, హెక్టర్ పేర్లు జాలర్లవి. అది చదివాక ఇలియడ్ మళ్ళీ తెరిస్తే సముద్రం వేరుగా వినిపిస్తుంది. పాత పుస్తకం అక్షరం మారలేదు, మనం చదివే తీరు మారింది.

నైజీరియా నవలాకారుడు చినువా అచెబే సంగతి ఇంకా లోతైనది. 1975లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఆయన ఇచ్చిన ఉపన్యాసం జోసెఫ్ కాన్రాడ్ మీద నేరుగా దాడి. కాన్రాడ్ నవల హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్‌లో ఆఫ్రికా మనుషులకి మాట లేదు, ముఖం లేదు, తెల్లవాడి మనసు చెదరడానికి వాళ్లంతా వెనక కట్టిన తెర అన్నాడు. కాన్రాడ్‌ని జాత్యహంకారి అని మొహమాటం లేకుండా అన్నాడు. అదే అచెబే 1958లో రాసిన తన మొదటి నవలకి పేరు తీసుకున్నది ఐర్లండ్ కవి యేట్స్ పద్యంలోంచి. ఇందులో నాకు వైరుధ్యం ఏమీ కనిపించదు. ఇంట్లో పెద్దవాళ్లతో గట్టిగా పోట్లాడేవాళ్లు కూడా ఆ ఇంటివాళ్లే. ఇప్పుడు కాన్రాడ్‌నీ అచెబేనీ ఒకరి తరవాత ఒకరిని పెట్టి పాఠం చెప్పడం చాలా చోట్ల మామూలైంది. విడిగా చదివితే రెండిట్లోనూ కొంత తగ్గుతుంది.

డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1903లోనే ఇంకో వైపు నుంచి ఇదే మాట అన్నాడు. షేక్‌స్పియర్ పక్కన కూర్చుంటాను, ఆయన మొహం చిట్లించడు అని. రైల్లో తెల్లవాళ్ల పక్కన కూర్చోనివ్వని దేశంలో ఒక నల్లజాతి మేధావి రాసిన వాక్యం అది. ఆ పుస్తకాలు ఎవరి సొత్తూ కావని అంతకన్నా బలంగా చెప్పడం కష్టం. నల్లజాతి నవలాకారిణి టోనీ మారిసన్ 1988లో మిషిగన్ యూనివర్సిటీలో మాట్లాడుతూ కానన్ కట్టడమంటే సామ్రాజ్యం కట్టడమే అంది. 1955లో ఆమె కార్నెల్‌లో ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాసింది వర్జీనియా వుల్ఫ్, ఫాక్నర్ల మీద. సామ్రాజ్యం అని పేరు పెట్టడానికి కావలసినంత లోపలికి వెళ్ళి చూసిన మనిషి ఆమె.

ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు

హెర్మన్ మెల్విల్ నవల మోబీ డిక్ 1851లో వచ్చింది. ఆయన బతికుండగా అమెరికాలో అమ్ముడుపోయిన ప్రతులు మూడు వేలు, కాస్త పైన. తరవాత న్యూయార్క్ రేవులో 19 ఏళ్లు కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి 1891లో చనిపోయాడు. 1919లో శతజయంతి, 1921లో జీవిత చరిత్ర, 1923లో డి.హెచ్. లారెన్స్ వ్యాసాలు, 1924లో ఆయన వదిలివెళ్ళిన బిల్లీ బడ్ అచ్చు. అయిదారేళ్లలో ఆయన అమెరికా సాహిత్యానికి మూలస్తంభం అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత అమెరికాకి తనదైన పెద్ద పుస్తకం ఒకటి కావలసి వచ్చింది. ఆధునికుల వల్ల పాఠకులకి తికమకగా, తెగినట్టు ఉండే రచన అలవాటైంది. అప్పటిదాకా లోపాలనిపించినవే గుణాలయ్యాయి. అదే కాలంలో కవి లాంగ్‌ఫెలో దిగిపోయాడు. 1884లో లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీ కవుల మూలలో శిలావిగ్రహం దక్కిన అమెరికన్ ఆయన. ఇప్పుడు యూనివర్సిటీలో ఆయన పేరు తలిచేవాళ్లు తక్కువ.

అమెరికా నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ తన ముఖ్యమైన నవల 1937లో వేసింది. 1960లో ఫ్లోరిడాలో దిక్కులేనివాళ్ల ఆశ్రమంలో పోయింది, సమాధి మీద పేరు కూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ అనే యువ రచయిత్రి గడ్డి పెరిగిన శ్మశానంలో వెతికి, ఇదే అయ్యుంటుందనుకున్న చోట రాయి వేయించింది. ఆ అనుభవం మీద 1975లో వ్యాసం రాసింది. 1978లో నవల మళ్ళీ అచ్చయింది. మెల్విల్‌ని విమర్శకులు, ప్రొఫెసర్లు మోస్తే, హర్‌స్టన్‌ని తిరిగి తెచ్చింది తనకి ముందు నడిచిన ఆడమనిషి కోసం వెతుక్కున్న ఇంకో రచయిత్రి. నాకు ఈ రెండో కథ ఎక్కువ నచ్చుతుంది.

షేక్‌స్పియర్ స్థానం మాత్రం ఎప్పుడూ కదల్లేదు అనుకుంటారు. 1623లో ఆయన తోటి నటులు ఇద్దరు 36 నాటకాలు పోగుచేసి అచ్చు వేయకపోతే మాక్‌బెత్, టెంపెస్ట్, జూలియస్ సీజర్ మనకి ఉండేవి కావు. అప్పటిదాకా అచ్చుకాని 18 నాటకాల్లో అవి ఉన్నాయి. 1681లో నేహమ్ టేట్ కింగ్ లియర్‌ని సుఖాంతం చేసి తిరగరాస్తే, ఇంగ్లండ్ రంగస్థలం మీద దాదాపు 150 ఏళ్లు అదే నడిచింది. షేక్‌స్పియర్ గొప్పవాడన్నది ఒక భ్రమ అని టాల్‌స్టాయ్ ముసలితనంలో పెద్ద వ్యాసమే రాశాడు. ఆ టాల్‌స్టాయ్‌ని కాదని మొదటి సాహిత్య నోబెల్ 1901లో సల్లీ ప్రుదోమ్ అనే ఫ్రెంచి కవికి ఇస్తే, స్వీడన్ రచయితలు, కళాకారులు 42 మంది టాల్‌స్టాయ్‌కి బాధపడుతూ ఉత్తరం రాశారు. బహుమతి పొందిన కవిని ఇవాళ చదివేవాళ్లని వెతకాలి.

క్లాసు గదిలోకి వచ్చేసరికి

గొప్ప పుస్తకాలు అనే పాఠం చాలా పాతదని మనం అనుకుంటాం. నిజానికి దానికి నూరేళ్ల వయసే ఉంది. 1920లో కొలంబియాలో జాన్ ఎర్స్‌కిన్ వారానికో గొప్ప పుస్తకం చదివి చర్చించే క్లాసు పెట్టాడు. అంతకుముందు కాలేజీలో గ్రీకు, లాటిన్ మూలంలోనే చదవాలి. ఆ పద్ధతి కూలిపోతుంటే, అనువాదంలోనైనా సరే అందరూ చదవండి అన్నాడు ఎర్స్‌కిన్. మూలభాషలో చదవకపోతే అదేం చదువని సాటి ప్రొఫెసర్లు కోప్పడ్డారు. ఇవాళ సంప్రదాయం అని కాపాడుకుంటున్నది ఆనాడు సంప్రదాయం మీద తిరుగుబాటు.

ఎర్స్‌కిన్ విద్యార్థి మార్టిమర్ ఆడ్లర్. షికాగో యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ హచిన్స్‌తో కలిసి 1952లో గొప్ప పుస్తకాల పేరుతో 54 సంపుటాల మాల తెచ్చాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా వేసింది. సేల్స్‌మెన్ ఇంటింటికీ తిరిగి అమ్మారు. 74 మంది రచయితలు, ఒక్క ఆడమనిషి లేదు. 1990లో 60 సంపుటాలతో కొత్త మాల వచ్చినప్పుడు నలుగురు చేరారు: జేన్ ఆస్టిన్, జార్జ్ ఇలియట్, విల్లా కేథర్, వర్జీనియా వుల్ఫ్. కొలంబియా కాలేజీ ఆడపిల్లల్ని చేర్చుకున్నదే 1983లో. ఆ రెండేళ్లకి అక్కడి సాహిత్య పాఠంలో మొదటిసారి ఒక స్త్రీ రాసిన పుస్తకం కనిపించింది, ప్రైడ్ అండ్ ప్రెజుడిస్. క్లాసులో ఎవరు కూర్చుంటే పాఠంలోకి ఎవరు వస్తారన్నది మారుతుంది.

పెద్ద గొడవ స్టాన్‌ఫర్డ్‌లో జరిగింది. 1980 నుంచి అక్కడ మొదటి ఏడాది విద్యార్థులు పాశ్చాత్య సంస్కృతి అనే పాఠం తప్పనిసరిగా చదవాలి. అందులో 15 పేర్ల వరస ఉండేది, హోమర్ నుంచి ఫ్రాయిడ్ దాకా. 1987 జనవరిలో నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్‌తో కలిసి విద్యార్థులు ఆ పాఠం పోవాలని నినాదాలు ఇస్తూ నడిచారు. 1988 మార్చిలో అధ్యాపకుల సెనేట్ 39-4 ఓట్లతో దాన్ని మార్చింది. దేశం విద్యామంత్రి విలియం బెన్నెట్ స్వయంగా అక్కడికి వెళ్ళి తప్పు చేశారన్నాడు. నాగరికత కూలిపోతోందని పత్రికలు గోలపెట్టాయి. కొత్త పాఠంలోనూ బైబిల్, ప్లేటో, అగస్టీన్, మార్క్స్ ఉండనే ఉన్నారు. పోయింది ఒక వరసే దారి అన్న నియమం.

ఆ వేడిలోనే నవలాకారుడు సాల్ బెలో అన్నాడని ఒక మాట ప్రచారమైంది: జూలూల టాల్‌స్టాయ్ ఎవరు, పాపువన్ల ప్రూస్ట్ ఎవరు, ఉంటే చెప్పండి, చదువుతాను అని. దాని మీద చెలరేగిన టెన్షన్ ఏళ్లపాటు తగ్గలేదు. 1994లో ఆయనే పత్రికలో సంజాయిషీ రాస్తూ, ఒకప్పుడు చదివిన థామస్ మొఫోలో నవల చాకా గుర్తొచ్చిందన్నాడు. జూలూ రాజు మీద సెసోతో భాషలో వచ్చిన గొప్ప నవల అది. 1925లో అచ్చయింది. ఆ సవాలుకి బదులు ఆయన పుస్తకాల జ్ఞాపకంలోనే ఉంది. రాల్ఫ్ వైలీ అనే రచయిత ఇచ్చిన జవాబు ఇంకా సూటిగా ఉంటుంది: జూలూల టాల్‌స్టాయ్ టాల్‌స్టాయే.

1994లోనే హెరాల్డ్ బ్లూమ్ పాశ్చాత్య కానన్ మీద పెద్ద పుస్తకం వేశాడు. 26 మంది రచయితలు, నడిమధ్యన షేక్‌స్పియర్. పుస్తకాన్ని ఎంచాల్సింది అందం, బలం చూసి, రచయిత కులం జాతి చూసి కాదని ఆయన వాదన. ఆ మాటలో నాకు గౌరవం ఉంది. మంచి పద్యం మంచి పద్యమే అనే నమ్మకం లేకపోతే సాహిత్యం చెప్పుకోవడమే దండగ. కానీ ఆయన పుస్తకం చివర పెట్టిన పొడవాటి జాబితా చూడండి. పాశ్చాత్య కానన్ అని పేరు, అందులో మహాభారతం, రామాయణం, భగవద్గీత ఉన్నాయి. ప్రచురణకర్తల ఒత్తిడి వల్ల జాబితా పెట్టానని తరవాత ఆయనే విచారించాడు. అందం చూసి ఏరతానని కూర్చుంటే పడమర గోడ ఎక్కడుందో ఆయనకే దొరకలేదని నాకు అనిపిస్తుంది. అసలు ఆ గోడ మొదటినుంచీ అలాగే ఉంది. బైబిల్ పుట్టింది పశ్చిమాసియాలో, అగస్టీన్ పుట్టింది ఇప్పటి అల్జీరియాలో, కవుల వరస కట్టిన అలెగ్జాండ్రియా ఈజిప్టులో.

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన పుస్తకం జాన్ గిల్లరీ 1993లో రాసినది. కానన్ అనేది ఎక్కడా లేదు, ఎవరూ ఎప్పుడూ మొత్తం చూడలేదు, ఉన్నది సిలబస్ ఒక్కటే అంటాడు ఆయన. సిలబస్‌లో ఒక నల్లజాతి రచయిత్రి చేరినంత మాత్రాన నల్లజాతి పిల్లలకి యూనివర్సిటీలో చోటు దొరికినట్టు కాదు. ఇరుపక్షాలూ పేర్ల మీద కొట్టుకుంటుంటే, చదువు ఎవరికి అందుతోంది, నిదానంగా ఒక పుస్తకం పట్టుకుని కూర్చునే తీరిక ఎవరికుంది అనే ప్రశ్న పక్కకి పోతోందన్నాడు.

కొలకర్ర మన దాకా వచ్చిన తీరు

1835లో మెకాలే, మంచి యూరప్ లైబ్రరీలోని ఒక్క అర భారతదేశం, అరేబియాల సాహిత్యం మొత్తానికి సమానమని రాశాడు. తనకి సంస్కృతం గానీ అరబిక్ గానీ రాదని అదే పత్రంలో ఒప్పుకున్నాడు. పరిశోధకురాలు గౌరి విశ్వనాథన్ 1989లో చూపించిన సంగతి మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఇంగ్లిష్ సాహిత్యం ఒక పాఠ్య విషయంగా గట్టిపడింది ఇంగ్లండ్‌లో కాదు, ముందు మన దేశంలో. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ కోర్సు 1894లో గానీ మొదలుకాలేదు. అప్పటికి మన కుర్రాళ్లు కొన్ని దశాబ్దాలుగా షేక్‌స్పియర్, మిల్టన్ పరీక్షలు రాస్తున్నారు.

దాని ఫలం మన సాహిత్యంలోనే ఉంది. కందుకూరి వీరేశలింగం 1878లో రాజశేఖర చరిత్రము రాశాడు. దానికి ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో వేసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్. ఆ కాలంలో ఇంగ్లిష్ చదివిన ప్రతి ఇంట్లో ఉండే పుస్తకం అది. ఇవాళ ఇంగ్లండ్‌లోనే అది వెనకబడిపోయింది. రాజశేఖర చరిత్రము మాత్రం మన నవలా చరిత్రలో మొదటి అధ్యాయం. మూలానికి దక్కని చోటు దాని తెలుగు చుట్టానికి దక్కింది. అదే వీరేశలింగం తన కవుల చరిత్రలో కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని బూతని తిట్టాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని శ్రద్ధగా అచ్చువేయించింది. 1911లో ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ఆ నిషేధం ఎత్తివేయించాడు. ఆ తిట్టులో ఇంగ్లిష్ చదువు తెచ్చిన మర్యాద కొలత కూడా ఉందని నేను నమ్ముతాను. కొలకర్ర ఒక చోటి నుంచి ఇంకో చోటికి వచ్చాక, ఇక్కడి రచయిత్రిని ఇక్కడివాళ్లే దాంతో కొలిచి బయట పెట్టారు.

1968లో నైరోబీ యూనివర్సిటీలో కెన్యా రచయిత గూగీ, మరి ఇద్దరు సహాధ్యాపకులు ఇంగ్లిష్ శాఖనే ఎత్తేయాలని రాశారు. ఇంగ్లిష్ చదవొద్దని కాదు వాళ్ల మాట. మధ్యలో ఆఫ్రికా ఉండాలి, మిగతా ప్రపంచం అక్కడినుంచి కనిపించాలి అన్నారు. ఈ మాటని తెలుగు ఊళ్లలో ఇంగ్లిష్ ఎం.ఏ. చెప్పేవాళ్లు ఇప్పటికైనా గట్టిగా ఆలోచించాలి.

మరి ఏం చదివించాలి? సిలబస్‌లో వారాలు పరిమితం. ఒకటి చేరిస్తే ఒకటి తీయాలి. కొలంబియా 2015లో టోనీ మారిసన్ నవలని చేర్చింది, హోమర్ ఉన్నాడు. ఒక టర్ములో 14 పుస్తకాలు ఉరికించడం కన్నా ఏడు నిదానంగా చదివించడం మేలని నా పట్టుదల. ఆ ఏడింటిలో ఒకదానితో ఒకటి పోట్లాడే జంటలు ఉండాలి. హోమర్‌ని వదలను. కాన్రాడ్‌ని అచెబే లేకుండా చెప్పను. చాకాని తప్పక పెడతాను. ఏ పుస్తకాన్ని ఎందుకు పెట్టారో మొదటి రోజే పిల్లలకి చెప్పాలి, ఏవి తీసేశారో కూడా చెప్పాలి.

రూజ్‌వెల్ట్ మోంటాస్ అనే అధ్యాపకుడి సంగతి గిల్లరీ ప్రశ్నకి దగ్గరగా ఉంటుంది. డొమినికన్ రిపబ్లిక్‌లోని కొండ పల్లె నుంచి చిన్నతనంలో న్యూయార్క్ వచ్చాడు, ఇంగ్లిష్ రాదు. హైస్కూల్లో ఉండగా పక్కింటివాళ్లు పారేసిన పుస్తకాల కుప్పలో ప్లేటో సంభాషణలు దొరికితే ఇంటికి తెచ్చుకున్నాడు. అర్థం కాని చోట ఒక టీచరు సాయం చేశాడు. కొలంబియాలో చదివి, తరవాత పదేళ్లు ఆ గొప్ప పుస్తకాల పాఠానికే డైరెక్టరుగా పనిచేశాడు. 2009 నుంచి ఆ యూనివర్సిటీలో వేసవిలో పేదింటి హైస్కూలు పిల్లలకి ప్లేటో చెప్తున్నారు. క్లాసుకి వచ్చే ఆ పిల్లల్లో చాలామంది ఇళ్లలో కాలేజీకి వెళ్ళిన మొదటి తరం వాళ్లే అవుతారు.